తెగాల్సిన కుట్టు

ఆ షాట్ మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. సినిమా పేరు చెప్పను. ముసుగు వేసుకున్న హంతకుడు, నేల మీద పడ్డ అమ్మాయి, ఆమె మెడ చుట్టూ ఎర్ర ఇక్కత్ చున్నీ. కింద కామెంట్లు. ‘ఏం నటనరా బాబూ’ అని ఒకడు, ‘ఈ ఒక్క సీను కోసం సినిమా చూడొచ్చు’ అని ఇంకొకడు. మొన్న మా పక్కింటి కోడలు కూడా అదే వీడియో తెచ్చి నా ముక్కు ముందు పెట్టి, “ఆంటీ, గీ పిల్ల ఎంత మంచిగ చేసింది చూడుండ్రి” అంది. ఆ ఫోను లాక్కుని గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. పాపం, ఆమె తప్పేముంది.

ఆ షాట్‌లో నటన లేదు. ఆ అమ్మాయికి నిజంగానే ఊపిరాడటం లేదు. ఆ చున్నీ కుట్టింది నేను.

సినిమాల్లో కాస్ట్యూమ్ పనికి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేసి ఇప్పుడు అల్మాస్‌గూడలో ఇంటిపట్టున ఉన్నాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. జరిగింది చెబుతాను, మీరు జాగ్రత్తపడండి.

మాది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. ఇంట్లో పిల్లలకు మొట్టమొదట నేర్పే పని తెగిన పోగు అతకడం. మగ్గం మీద పోగు తెగిందంటే, నాన్న కేకేసేలోపే రెండు కొసలూ దొరకబుచ్చుకుని ముడేయాలి. వేళ్లే చూసుకోవాలి, కళ్లతో పనిలేదు. ఆ ముడి బట్టలో కనబడకూడదు. చీర చిరిగినా ముడి మాత్రం ఊడకూడదు. ఏ దారానికైనా కొస వేలాడుతూ కనిపిస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఊరుకోదు. బస్సులో ముందు సీటావిడ పైట కొంగుకు పోగు వేలాడితే, అడక్కుండానే ముడేసి తిట్లు తిన్న రోజులున్నాయి.

పెళ్లయి ఎల్బీనగర్ వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో జాకెట్లు కుట్టే షాపులో చేరాను. అక్కడికి వచ్చే ఒక కాస్ట్యూమర్ నా చేతిపని చూసి సీరియల్ షూటింగుకు పిలిచాడు. ఆయనే నాకు గురువు. చాలా తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ తిట్టేవాడు. ఆయన నేర్పిన వాటిలో మొదటిది ఇది: మెడకు చుట్టే గుడ్డ ఏదైనా సరే, తెగేలా ఉండాలి. చున్నీయో, మఫ్లరో, ఉరితాడో, ఏదైనా. మెడ వెనక్కి వచ్చే చోట దాన్ని రెండు ముక్కలుగా కోసి, ఒంటి నూలుదారంతో మూడే మూడు పొడుగు కుట్లు వేయాలి. దారం కొస ముడేయకూడదు. కాస్త గట్టిగా లాగగానే కుట్లు జారి రెండు ముక్కలూ విడిపోవాలి. దాన్ని తెగే కుట్టు అనేవాళ్లం.

“నీ సేత్తోటి ముడి పడ్డదా, నీ సెయ్యి ఇరగ్గొడ్త” అన్నాడు మొదటి రోజే. నా పుట్టుక సంగతి ఆయనకు తెలుసు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

కొన్నేళ్ల క్రితం మా వైపు హారర్ సినిమాల జాతర మొదలైంది. పెద్ద హీరో అక్కర్లేదు, సెట్ అక్కర్లేదు. బడంగ్‌పేట్‌లోనో అల్మాస్‌గూడలోనో సగం కట్టి ఆపేసిన డూప్లెక్స్ ఒకటి, అద్దెకు కెమెరా, ఐదుగురు కుర్రకారు, ఒక రబ్బరు ముసుగు. అన్నీ ఒకటే కథ. పుట్టినరోజు పార్టీకి ఊరి చివర ఇంటికి వెళ్తారు, కారు చెడిపోతుంది, ఫోనుకు సిగ్నల్ ఉండదు. బడంగ్‌పేట్‌లో సిగ్నల్ లేదంటే నమ్మేదెవరు? అక్కడ గేదెలు కాసే ముసలాయన కూడా వీడియో కాల్ మాట్లాడుతుంటే చూశాను.

మాకు కథ చెప్పేవాళ్లు కాదు. చెప్పక్కర్లేదు కూడా. బట్టల లిస్టు చూస్తే తెలిసిపోయేది. చావబోయే మనిషికి ఒకే డ్రెస్సు మూడు జతలు ఉండాలి. మంచిది ఒకటి, చిరిగింది ఒకటి, నెత్తురు పూసింది ఒకటి. బతికేవాళ్లకు ఒక్క జత చాలు. ప్రతి లిస్టులోనూ మొదటి మూడు జతలు ఒక ఆడపిల్లకే. పకపకా నవ్వే పిల్ల, పొట్టి గౌను పిల్ల, ముందు ఆ పిల్లే పోవాలి. చివరిదాకా బతికేది మాత్రం ఒద్దికగా చున్నీ వేసుకున్న అమ్మాయి. ఆ లిస్టు చేతికొచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. కానీ పని పని కదా, కుట్టేదాన్ని.

ఈ సినిమా డైరెక్టరు వనస్థలిపురం అబ్బాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చాడు. నా కొడుకు కంటే చిన్నవాడు, అయినా నేను సార్ అనేదాన్ని, అతను మేడమ్ అనేవాడు. అతను చెడ్డవాడని మొదట్లో నాకు అనిపించలేదు. పాత ఇంగ్లీషు సినిమాలు, ముసుగు హంతకుడు ఒక్కొక్కళ్లనే చంపుకుంటూ పోయేవి, వందసార్లు చూశాడట. ఒక్కొక్క షాటునూ బొమ్మగా గీసుకున్న లావుపాటి నోటుబుక్కు ఎప్పుడూ చంకలో ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. “సార్, ప్రతి సిన్మాల నవ్విన పిల్లనే ఎందుకు సంపుతరు? ఈసారన్న మార్చుండ్రి.”

“అది రూల్ మేడమ్. ఆ సినిమాల్లో అలాగే ఉంటుంది. మనం చేసేది వాటికి హోమేజ్.”

“గదేంది సార్?”

“నివాళి మేడమ్. గొప్పవాళ్లకు దండం పెట్టడం లాంటిది.”

దండం పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? నాకూ నా గురువు అంటే భక్తే. కానీ ఆ పాత సినిమాల్లో చచ్చిన ప్రతి పిల్లా షాట్ అవగానే లేచి టీ తాగిందన్న సంగతి ఆ నోటుబుక్కులో ఎక్కడా రాసి లేదు.

ఈసారి మొదట చావాల్సిన పిల్ల నల్లగొండ దగ్గర పల్లెటూరిది. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ చీరల షోరూంలో పనిచేసేది. కొనడానికొచ్చిన వాళ్ల ముందు చీరను తన ఒంటి మీద వేసుకుని చూపించడం ఆమె డ్యూటీ. సెలవు రోజుల్లో షూటింగులకు వచ్చేది. అప్పటిదాకా గుంపులో నిలబడే వేషాలే. మొదటిసారి పదకొండు డైలాగులు దొరికాయి. వాటిని కాగితం మీద రాసుకుని, నేను కొలతలు తీస్తుంటే కూడా గొణుక్కునేది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది.

“పెద్దమ్మా, నేను సచ్చినంక నా బొమ్మ మల్ల కనబడతదా?”

“కలల కనబడతవంట బిడ్డా. లిస్టుల తెల్లగౌను రాసిండ్రు.”

“హమ్మయ్య” అంది.

కత్తితో పొడవడం అందరూ చేస్తున్నారు, మనం లోకల్ టచ్ ఇద్దాం అన్నాడు డైరెక్టరు. హంతకుడు పోచంపల్లి పట్టు చున్నీతో గొంతు బిగిస్తాడు. ఆ మాట విని నేనే ఎగిరి గంతేసి మా తమ్ముడు నేసిన చున్నీ తెచ్చిచ్చాను. ఎర్రటి ఎరుపు, అంచున తెల్ల చుక్కలు. మా ఇంటి నేత తెర మీద కనబడుతుందని మురిసిపోయాను. దేనికి వాడుతున్నారో తెలిసీ మురిసిపోయాను. చూశారా, నాక్కూడా ఎంత పిచ్చో.

షూటింగ్ రోజు ఉదయం పదకొండు గంటలు. బడంగ్‌పేట్ డూప్లెక్స్‌లో మేడ మీద గది. రాత్రి లైట్లు పెట్టే స్తోమత లేదు కాబట్టి కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పగటినే రాత్రి చేశారు. సౌండు కోసం ఫ్యాను ఆపేశారు. ఎండాకాలం. హంతకుడి వేషం వేసింది ఎల్బీనగర్‌లో జిమ్ నేర్పే కుర్రాడు. చీమకు కూడా దారిచ్చే రకం. కానీ ఆ రబ్బరు ముసుగుకు కళ్ల దగ్గర రెండే చిన్న బెజ్జాలు, చెవుల దగ్గర అవీ లేవు. వేసుకున్నాక అతనికి ఎదురుగా ఉన్నది తప్ప కనబడదు, ఏదీ సరిగ్గా వినబడదు.

పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను. “ఊపిరి కష్టమైతె అరచేతితోటి నేలను రెండు సార్లు కొట్టు. అందరం ఆగిపోతం.” జిమ్ కుర్రాడికీ చెప్పాను, డైరెక్టరుకూ చెప్పాను. ఇద్దరూ తలూపారు.

మొదటి టేకులో చున్నీ తొందరగా తెగింది. రెండోసారీ అంతే. మూడోసారి కాస్త ఆగింది గానీ, తెల్లదారం కెమెరాకు కనబడుతోందన్నాడు కెమెరామన్. డైరెక్టరు నోటుబుక్కును నేలకేసి కొట్టాడు.

“మేడమ్, మీ కుట్టు వల్ల మూడు టేకులు పోయాయి. ఇరవై ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ అన్నారు. ఒక గుడ్డ ముక్క నిలబెట్టలేరా?”

నలుగురిలో అంత మాట అనేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. నా కుట్టు నిలబడదా? మా ఇంటి గుడ్డ నిలబడదా? తెల్లదారం పక్కన పారేశాను. ఆ చున్నీ అంచు నుంచే ఎర్ర పట్టుపోగులు నాలుగు లాగి, కలిపి సూదిలో ఎక్కించాను. పట్టుపోగు సంగతి నాకు తెలియనిదా? సన్నగా ఉంటుంది, నూలుకంటే గట్టి. గుడ్డలో గుడ్డలా కలిసిపోయేలా కుట్లు దగ్గర దగ్గరగా వేశాను.

నేను కుడుతుండగా డైరెక్టరు పిల్లతో అంటున్న మాట చెవిన పడింది. “చేతులు ఖాళీగా ఉంటున్నాయి. నేలను గట్టిగా కొట్టు. రెండు చేతులతో. భయం కనబడాలి.” పిల్ల సరే సార్ అంది. ఆపమని చెప్పడానికి ఆమెకున్న ఒకే ఒక్క సైగను నా కళ్లముందే యాక్టింగ్ చేసేశాడు. నేను సూది మీద ధ్యాసలో ఉండి పట్టించుకోలేదు.

కుట్టడం అయ్యాక చూసుకుంటే ఎంత ముద్దుగా ఉందో. అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు. “ఇప్పుడు చూడుండ్రి సార్” అన్నాను గర్వంగా.

నాలుగో టేకు మొదలైంది. ముసుగు కుర్రాడు వెనకనుంచి వచ్చి, మెడకు ఒక చుట్టు తిప్పిన చున్నీ కొసలు పట్టుకుని బిగించాడు. పిల్ల మోకాళ్ల మీద పడింది, తర్వాత బోర్లా పడింది. అతను పైన వంగి లాగుతున్నాడు. పిల్ల నేలను కొడుతోంది. ఒకసారి, రెండుసార్లు, చాలాసార్లు. డైరెక్టరు మానిటర్‌కు కళ్లు అంటించి, “సూపర్... సూపర్... ఎవరూ కదలొద్దు” అంటున్నాడు. గదిలో అందరూ ఆమె ముఖం చూస్తున్నారు. నేనొక్కదాన్నే ఆమె మెడ వెనక నా కుట్టును చూస్తున్నాను. నా పని అదే కదా.

తెగాలి. ఈపాటికి తెగాలి. తెగలేదు.

అప్పుడు నా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ గుర్తొచ్చింది. అవును, వేళ్లకే గుర్తొచ్చింది. కుట్టు చివర పట్టుకొసలు వేలాడుతుంటే చిన్నప్పటి అలవాటుగా అవి ముడేశాయి. ఆ చివరా ఈ చివరా రెండుచోట్లా. మగ్గం మీద వేసే ముడి. చీర చిరిగినా ఊడని ముడి.

మెడలో తాడుకు వేలాడే చిన్న కత్తెర పట్టుకుని లోపలికి ఉరికాను. “మేడమ్! ఫ్రేమ్! ఫ్రేమ్!” అని డైరెక్టరు అరుస్తున్నాడు. కుర్రాణ్ణి భుజంతో ఒక్క తోపు తోశాను. మెడకూ చున్నీకీ మధ్య కత్తెర మొన దూరే సందు లేదు. వేలు దూర్చి, వేలి పక్కనుంచి కత్తెర దూర్చి, పక్కగా కోసేశాను. నా వేలు కూడా కొంత తెగింది. ఆ గదిలో ఆ రోజు కారిన నిజమైన నెత్తురు అదొక్కటే.

పిల్ల ఊపిరి లాగిన చప్పుడు నేను చచ్చేదాకా మరిచిపోను. ఎండిపోయిన బోరింగును కొట్టినట్టు ఉంది. మా మేకప్ మ్యాన్ కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన, వచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. “కిటికీ గుడ్డలు పీకండ్రా! గాలి రానీండి! మనుషులేనా మీరు?” అని అరిచాడు. గుడ్డలు పీకితే గది నిండా ఎండ. జిమ్ కుర్రాడు గోడకు కూలబడి ఏడుస్తున్నాడు. ముసుగు తీయాలన్న సంగతి కూడా అతనికి తోచలేదు.

దవాఖానకు తీసుకుపోయాం. గొంతు లోపల వాచింది, ప్రాణానికి భయం లేదు, కొన్నాళ్లు మాట్లాడకూడదు అన్నాడు డాక్టరు. బయట వరండాలో డైరెక్టరు నన్ను పక్కకు పిలిచి, ఎందుకు తెగలేదని అడిగాడు. ముడేశానని చెప్పాను. గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

“మేడమ్, ఎవరికైనా చెబితే ముందు అడిగేది ముడి ఎవరు వేశారని. మీ పేరే వస్తుంది. ఈ వయసులో మీకెందుకు?”

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అతను లోపలికి వెళ్లి పిల్ల మంచం పక్కన నిలబడి, నా ముందే, నేను వింటుండగానే అన్నాడు. “నువ్వు ప్యానిక్ అయ్యావమ్మా. రిలాక్స్‌డ్‌గా ఉంటే ఏమీ అయ్యేది కాదు. పర్లేదు, కొత్త కదా. కానీ షాట్ మాత్రం అదిరిపోయింది.”

పిల్ల నా వైపు చూసింది. మాట్లాడకూడదు కాబట్టి కళ్లతోనే అడిగింది, నిజమేనా పెద్దమ్మా అని. నేను దుప్పటి సర్దాను. అంతే చేశాను. దుప్పటి సర్దాను.

పని పోతుందని భయం. పేరు పోతుందని భయం. చేసిన తప్పు కంటే ఆ దుప్పటి సర్దడమే నన్ను ఎక్కువ తిన్నది. చేతులు అలవాటు కొద్దీ ముడేశాయి సరే, నోరు ఎవరి అలవాటున మూసుకుంది?

ఆ పిల్ల మళ్లీ షూటింగులకు రాలేదు. కల సీనులో తెల్లగౌను ఇంకెవరికో వేసి వెనకనుంచి తీశారు. దాదాపు ఏడాది తర్వాత సినిమా తయారైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న థియేటర్లో మ్యాట్నీ వేళకు ప్రివ్యూ వేశారు. టీమ్‌ను, ఫోన్లు పట్టుకున్న యూట్యూబు కుర్రాళ్లను పిలిచారు. ఆ టేకు వాడరనుకున్నాను. మనిషన్నవాడు వాడడు అనుకున్నాను.

వాడాడు. పూర్తిగా వాడాడు. పిల్ల నేలను కొడుతోంది, మెడ నరాలు పొంగుతున్నాయి, హాల్లో ఈలలు. నేను తెర మీద నా చెయ్యి కోసం చూస్తున్నాను. ఇప్పుడొస్తాను, ఇప్పుడు కత్తెరతో వస్తాను అని. రాలేదు. నా చెయ్యి ఫ్రేములోకి రావడానికి సరిగ్గా ముందు కోసి, పడి ఉన్న చున్నీ మీదికి మార్చేశారు. ఆ సినిమాలో ఆమె కోసం ఎవరూ రారు.

పిల్ల కూడా వచ్చింది ఆ షోకు. నాకు రెండు వరసల ముందు కూర్చుంది. ఆ సీను మొదలవగానే చెవులు మూసుకుని తల వంచుకుంది. షోరూం నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం చున్నీ మడిచి ఒళ్లో పెట్టుకుంది, మెడ మీద వేసుకోలేదు.

షో అయ్యాక అందరినీ వేదిక మీదికి పిలిచారు. డైరెక్టరు మైకు పట్టుకుని, “ఆ సీన్‌లో మా అమ్మాయి క్యారెక్టర్లోకి వెళ్లిపోయింది. అదీ డెడికేషన్!” అన్నాడు. మైకు పిల్ల చేతికిచ్చాడు. ఆమె గొంతు ఇంకా కొంచెం బొంగురుగానే ఉంది.

“నాకు యాక్టింగ్ అంత మంచిగ రాదు. ఆ రోజు భయపడి షూటింగ్ ఖరాబ్ చేసిన. అయినా సార్ ఏమనలె. ఓపిక పట్టిండు. సార్‌కు థ్యాంక్స్” అంది.

థ్యాంక్స్! చంపబోయినవాడికి థ్యాంక్స్! ఏడాది పొడుగునా ఆ పిల్ల తప్పు తనదేననుకుని మోసింది. నేను సర్దిన దుప్పటి కింద పడుకుని మోసింది. నా కాళ్లు నన్నడక్కుండానే వేదిక ఎక్కాయి. మైకు లాక్కున్నాను.

“గీ పిల్ల ఏం ఖరాబ్ చెయ్యలె. గది యాక్టింగ్ కాదు. చున్నీ తెగాలె, తెగలె. ఎందుకంటే దానికి ముడేసింది నేను. నాది తప్పు. కట్ చెప్పాల్సినోడు చెప్పలె. పిల్ల ఊపిరాడక నేలను కొడుతుంటె సూపర్ అన్నడు. గిప్పుడు మీరు ఈలలేసింది దానికే. సిగ్గుండాలె మనకు!”

వెనకనుంచి ఎవరో ఈల వేశారు. చప్పట్లు మొదలయ్యాయి. పబ్లిసిటీ స్టంట్ అనుకున్నారు. డైరెక్టరు నవ్వుతూ నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకో మైకులో, “చూశారా, మా టీమ్ అంతా ఇంకా సినిమాలోంచి బయటికి రాలేదు!” అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఆ చెయ్యి విదిలించి కొట్టాను. దానికీ నవ్వారు.

మర్నాడు నా మాటలే వాళ్ల ప్రచారం. నా ముఖం మీద ఎర్ర గుండ్రం గీసి, ‘షూటింగ్‌లో నిజంగా గొంతు బిగించారా? షాకిచ్చిన కాస్ట్యూమర్’ అని వీడియో పెట్టారు. ఆ పాత సినిమాలకు నివాళి ఇచ్చారో లేదో గానీ, నా కోపానికి మాత్రం వీళ్లు పోస్టరు వేశారు. ఆ తర్వాత నన్ను పనికి పిలిచినవాళ్లు లేరు. రిటైరయ్యానని అందరికీ చెబుతుంటాను. మేకప్ పెద్దాయన ఒక్కడే ఫోను చేశాడు. “ఆలస్యంగా చెప్పావు చెల్లెమ్మా. నేనైతే అదీ చెప్పలేదు. అక్కడే ఉన్నాను కదా నేనూ” అన్నాడు.

పిల్ల మాత్రం నేను వేదిక దిగేలోపే వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత, షోరూం సెలవు రోజున, పొద్దున పది గంటలకు మా ఇంటి గేటు ముందు ఆటో ఆగింది. దిగింది ఆ పిల్లే. మంచినీళ్లిస్తే తాగలేదు. కుర్చీ అంచున కూర్చుంది.

“యాడాది ఎందుకు చెప్పలె పెద్దమ్మా?”

“భయమైంది బిడ్డా. పని పోతదని.”

“నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకోకుండ పండుకోలె యాడాది సంది. షోరూంల చీర కొంగు మీదేసుకుంటె చెమటలు పడుతున్నయి. మేనేజరు తిడుతుండు. నాకు ధైర్యం లేదు, నాదే తప్పు అనుకున్న. మా అమ్మకు గూడ అట్లనే చెప్పిన.”

సారీ అన్నాను. ఆ మాట నాకే డొల్లగా వినబడింది.

“ముడి ఏది?” అంది.

చున్నీ నా దగ్గరే ఉంది. పారేయలేకపోయాను, ఎవరికీ ఇవ్వలేకపోయాను. ట్రంకు పెట్టెలోంచి తీసిచ్చాను. నేను కత్తెరతో కోసింది కుట్టుకు పక్కన కాబట్టి, కుట్టూ ముడులూ అట్లాగే ఉన్నాయి. ఆమె చాలాసేపు వెతికింది. చివరికి నేనే వేలితో చూపించాను. రెండు చేతులతో పట్టుకుని లాగింది. పళ్లు బిగించి లాగింది. కదల్లేదు.

“ఇంత సిన్నగుందా” అంది. అని ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక, “ఆ ఇంకో కుట్టెయ్యి. తెగేది” అంది.

నూలుదారం తీశాను. రెండుసార్లు సూది బెజ్జం తప్పాను. ఆమే ఎక్కించి ఇచ్చింది. ముడులున్న చోట కోసేసి, కొత్తగా మూడు పొడుగు కుట్లు వేశాను. కొసలు వేలాడుతున్నాయి. వేళ్లు వాటి మీదికి పోబోయాయి. ఎడమ చేత్తో కుడిచేతిని పట్టుకుని ఆపుకున్నాను. ఆమె అది చూసింది.

చున్నీ తీసుకుని తనే మెడకు చుట్టుకుంది. కుట్టు వెనక్కి వచ్చేలా సర్దుకుని, రెండు కొసలూ ముందునుంచి తిప్పి, వెనక నిలబడ్డ నా చేతుల్లో పెట్టింది.

“గుంజు పెద్దమ్మా.”

“నాతోని కాదు బిడ్డా.”

“నువ్వే గుంజాలె. ఇంకెవరు గుంజినా నాకు నమ్మకం ఉండదు.”

కళ్లు మూసుకోబోయి, మూసుకోకుండా, ఆమె మెడ వెనక కుట్టునే చూస్తూ లాగాను. చిన్న చప్పుడుతో దారం జారింది. చున్నీ రెండు ముక్కలై నా చేతుల్లోకి వచ్చింది. ఆమె మెడ మీద చెయ్యి పెట్టి తడుముకుంది. ఒకసారి ఊపిరి పీల్చింది, వదిలింది.

“మల్ల కుట్టు” అంది.

ఆ రోజు పదకొండుసార్లు కుట్టాను. పదకొండుసార్లూ తెగింది.